భానుమతిగారి షరతులు

మన యిండ్లలో సినిమానటి పేరు రెండువిధములుగా వినబడుచుండును. పాటను తలచునపుడు ప్రీతితో, ఆమె బ్రదుకును తలచునపుడు గొంతు తగ్గించి. పాట మనకు కావలెను. పాడిన యామె మాత్రము మన వీథిలో కాపుర ముండగూడదు. భానుమతీ రామకృష్ణగారి విషయమున నీ గొంతు తగ్గించుట నే నెన్నడును వినలేదు. ఎందువలననో యని చాలకాలము యోచించితిని.

మహబూబాబాదులో మా యమ్మ, నేటికిని ఆ యూరిని మానుకోట యనియే పిలుచునది, బియ్య మేరుచు స్వర్గసీమలోని పావురముపాటను కూనిరాగము తీయును. తన తల్లి నోట విని నేర్చినదట. భూపాలపల్లిలో మా చెల్లెలి కాపురము. మరిది బొగ్గుగనిలో పనిచేయును. వారి పిల్లలకు భానుమతి యనగా 1984 నాటి మంగమ్మగారి మనవడులోని బామ్మయే. ఆ చిత్రము టెలివిజనులో వచ్చిన నాడు వారింట అన్నము చల్లారవలసినదే. ఇక జనగామలో, మా యింట, ఆమె అత్తగారి కథలు వ్రాసిన రచయిత్రి. ఆ పుస్తకమునకు మే మిప్పటికి రెండుమార్లు అట్ట మార్చితిమి.

ఆమె 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి దొడ్డవరమున జన్మించెను. తండ్రి బొమ్మరాజు వేంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు; కుమార్తెకు తామే గురువులైరి. 1939లో సి. పుల్లయ్యగారు కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయ నాటకమును చిత్రముగా తీసి, ఈ బాలికకు కాళింది పాత్ర నిచ్చిరి. తండ్రి యంగీకరించెను గాని, ఊరక యంగీకరింపలేదు. తన కుమార్తెను నాయకవేషధారి తాకగూడదనియు, కౌగిలింతలు పనికిరావనియు షరతు పెట్టెను. ఆమె తొలినాళ్లలో నటించినది ఆ షరతునకు లోబడియే. ఈ ముచ్చట విని నవ్వువారు కలరు. నాకు నవ్వు రాదు. ఆడపిల్లను వలదని యాపుట సులభము. నీ యిష్టమని విడుచుట యింకను సులభము. ఈ హద్దులో నీ విద్య చూపుమని చెప్పి, ఆ హద్దును పైవారిచేత నొప్పించుట కష్టము.

కాళింది కథ మీ రెరిగినదే. తన కొరకు ధనము పోసి వరుని కొనుచున్నారని సహింపలేక నూతిలో దూకిన పిల్ల. చెల్లెలు కమల మాత్రము బ్రదికియుండి, పెండ్లాడి, ఆ లోభి మామకు బుద్ధి చెప్పును. నాటకము పుట్టి నూరేండ్లు గడచినవి. వరకట్న నిషేధచట్టము 1961లోనే వచ్చినది. కట్నము మాత్రము పోలేదు. ఒకవేళ పోయిన చోట నేమి జరుగునో మా వీథిలోనే చూచితిని.

ఇచ్చట నొక పిల్ల కలదు, పేరు చెప్పను. డిగ్రీ చదువు ముగించినది. పోతనపద్య మెత్తుకొన్నచో దారిన పోవువారు నిలిచి విందురు. పోతన జన్మించె నని చెప్పుకొను బమ్మెర మా జనగామ జిల్లాలోనిదే. సోమనాథుని పాలకుర్తియు నిచ్చటిదే. కనుక పద్య మన్నచో మా వారందరికిని గర్వము. గత మాఘమాసమున నా పిల్లకు మంచి సంబంధము వచ్చినది. కట్న మక్కరలేదనిరి. తండ్రి పొంగిపోయెను. లేచి పోవునపుడు వారొక్క మాట కలిపిరి: పెండ్లి యైన పిమ్మట సభలలో పాడగూడదు, ఇంట పాడుకొనవచ్చును. తండ్రి దానిని షరతుగనే యెంచలేదు. “కట్నమే వద్దన్నోళ్లు, ఇదొక లెక్కనా?” అనెను. పిల్ల నాయొద్దకు వచ్చి, “చిన్నమ్మా, పైసలు వద్దన్నరు, గొంతు అడిగిన్రు” అనినది.

నా కప్పుడు జవాబు దొరకలేదు. ఆ రాత్రి భానుమతిగారి జీవితమునే మరల తిరుగవేసితిని.

1943లో కృష్ణప్రేమ చిత్రమున నటించునపుడు, అందు సహాయదర్శకులైన పాలువాయి రామకృష్ణరావుగారిని ఆమె వరించెను. ఆ యేటి ఆగస్టు 8వ తేదీన వివాహమయ్యెను. ఇక నటన చాలించి యిల్లు చూచుకొనవలెనని యామె తలచినది. ఇది గమనింపదగిన సంగతి. మానవలె నని తలచినదియు నామెయే, పిదప మరల వచ్చినదియు నామెయే. పెండ్లినాడు వ్రాసియిచ్చిన మాట కాదు. బి.యన్. రెడ్డిగారు స్వర్గసీమకు పిలువగా భర్త సమ్మతితో వచ్చి, సంసారిని వలలో వేసికొను నాటకకత్తె సుజాత వేషము ధరించెను. ఆ చిత్రము 1945లో వెలువడినది. అంతకు రెండేండ్లకు ముందు భక్తపోతనలో పోతనయై మనచేత చేతులు జోడింపించిన నాగయ్యగారే యిందు ఆ వలలో పడు గృహస్థుడు! మా యమ్మమ్మ సుజాతను తిట్టుచునే భానుమతిపాట నేర్చినదట.

1951 నాటి మల్లీశ్వరిని గూర్చి వ్రాయబూనినచో నీ పుట చాలదు. ఒక్కటి మాత్రము చెప్పెదను. ఆటపాటలు నేర్చిన యా పిల్లకై రాజుగారి పల్లకి వచ్చును; సంపదను చూచి తల్లి మురియును. పల్లకి యెక్కిన పిమ్మట పిల్లకు బయటిలోకము లేదు.

ఆలుమగలు కుమారుడు భరణి పేరిట చిత్రసంస్థను స్థాపించి, 1948లో రత్నమాలను, 1949లో లైలామజ్నూను నిర్మించిరి. చెన్నపట్టణమున సాలిగ్రామమందు స్టూడియోయు కట్టిరి. 1953లో చండీరాణికి ఆమెయే దర్శకత్వము వహించినది. తెలుగుచిత్రమునకు దర్శకురాలైన తొలి స్త్రీ యామెయే. అందులో రెండు పాత్రలు తానే ధరించి, తెలుగు, తమిళము, హిందీ మూడింటను తీసినది. పండుగనాడు మూడు పిండివంటలు ఒకే పూటకు దింపుట యెంత శ్రమయో మన మెరుగుదుము. ఇంత పని యొక్క చేతిమీదుగా నెట్లు నడచినదో నా కూహకందదు.

మిస్సమ్మ ముచ్చటయు ప్రసిద్ధమే. ఆ నాయికపాత్ర తొలుత నామెదే. కొంత చిత్రణయు జరిగినది. ఇంట వరలక్ష్మీవ్రతము నోచుకొని ఆలస్యముగా వచ్చినందుకు నిర్మాత చక్రపాణిగారు క్షమాపణపత్రము కోరిరనియు, ముందే వర్తమానము పంపితిని గదా యని యామె నిరాకరించెననియు చెప్పుదురు. పాత్ర చేజారినది, సావిత్రిగారికి దక్కినది. 1955లో వెలువడిన యా చిత్రమున సావిత్రి నటన మన మెవ్వరమును మరువలేము. దానివలన నొక గొప్పనటి లభించెనని భానుమతిగారును సంతోషించిరి. నా మట్టుకు చక్రపాణిగారి పక్షమునను న్యాయము కనబడుచున్నది. పదిమంది కూర్చుండి యెదురుచూతురు గదా! అయినను పీటమీదనుండి లేచి పరుగెత్త నందుకు క్షమాపణ వ్రాయుమన్నచో, మనలో నెందరము వ్రాయుదుము?

ఇన్ని పనుల నడుమ అత్తగారి కథలు వ్రాసెను. ఆ యత్తగారిని చూచి నవ్వుదుమే గాని యామెపై కోపము రాదు. మన సాహిత్యమున నత్తగారి కీ భాగ్యము అరుదు. 1966లో పద్మశ్రీ వచ్చినది. నాలో నేను అను ఆత్మకథకు జాతీయపురస్కారము లభించినది. భర్త 1986లో గతించిరి. ఆమె 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూసినది.

అయితే ఆ పిల్లతో ‘భానుమతివలె నుండుము’ అనుట నాచేత కాలేదు. ఆమెకు తండ్రి నేర్పిన విద్య, ఆ వృత్తి యెరిగిన భర్త, తన స్వార్జితము, మూడును కలవు. ఈ పిల్లకు కంఠ మొక్కటియే కలదు. కావున వేంకటసుబ్బయ్యగారి ముచ్చట మాత్రము చెప్పి, “షరతు పెట్టుట వారికే చెల్లునా? నీవును ఒకటి పెట్టుము” అంటిని. అది రెండుదినము లాలోచించి కాగితముమీద వ్రాసుకొనినది: ఏడాదికి నాలుగు సభలు, మన జిల్లాలలోనే, వారి యింటివా రెవరైనను వెంట రావచ్చును. తండ్రికి కోపము వచ్చి మా గడప తొక్కలేదు. ఐదవనాడు మా వారు బడినుండి వచ్చునపుడు ఆయనయు వెంట వచ్చి, కాగితము నడిగి తీసికొని, ఈ మాట తానే చేరవేయుదు ననెను.

వరుని తల్లి ఫోనులో నంతయు విని, పిల్ల పాడున దేమని యడిగినదట. పోతనపద్యములని చెప్పగా, ఒకటి పాడి పంపుమనినది. నిన్నరాత్రి మా ముందుగదిలో ఫ్యాను నాపి, కిటికీలు మూసి, గజేంద్రమోక్షములోని పద్యమొకటి పాడి పంపినది. జవా బింకను రాలేదు.