షవరు సన్నగిల్లినపుడు

చెంబెత్తలేని మా యత్తగారికి షవరు విలాసము గాదు; పరుల సాయము లేక స్నానమాడు స్వాతంత్ర్యము. అది సన్నగిల్లగా, మోటారు కొనవలెనని పనివాడు చెప్పెను. కొనుటకు ముందు కారణ మరయుట మేలు.

ప్రక్క కుళాయి నిండుగ పాఱుచుండ షవరొక్కటే వంకరగ జల్లినచో, రంధ్రములందు బోరునీటి సున్నము పేరుకొన్నదని తెలియవలెను. దానిని విప్పి, లోని జల్లెడ కడిగి, కొన్ని గంటలు నిమ్మరసమున నానవేయుడు. పులుపు సున్నమును కరగించును. పిదప మంచినీట కడుగుడు. మా యింట నీ యుపాయమే చాలెను.

కుళాయిలన్నియు సన్నగిల్లినచో ట్యాంకు వాల్వును, వేడినీరు మాత్రమే తగ్గినచో గీజరు త్రోవను పరీక్షింపవలెను. నీటి యొత్తిడి ట్యాంకు ఎత్తును బట్టి యుండును. షవరుకు 2 మీటర్లు పైనున్న నీరు, 10 మీటర్లు పైనున్న దానిలో నైదవవంతు ఒత్తిడినే యిచ్చును. మోటారు అవసరము అట్టి పైయంతస్తు వారికే.