చలి చొరని పనిగది

లడఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు మాసం ప్రవేశించేసరికి అక్కడి వడ్రంగికి ఉలిని ముట్టుకోవడమే ఒక పరీక్ష. జిగురు పట్టదు. కుంచెకు అంటిన నీటిరంగు గడ్డకడుతుంది. మట్టితో బౌద్ధ విగ్రహాలు మలచేవారి అవస్థ మరింత దారుణం: సాయంకాలం తడిగా విడిచిన మన్నులో నీరు రాత్రికి రాత్రే మంచుగా ఉబ్బి, తెల్లవారేసరికి బొమ్మ ముఖాన పగుళ్లు చూపుతుంది. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగజారే రాత్రులు అక్కడ అరుదు కావు.

పొలం పనులు నిలిచిపోయే ఈ నాలుగైదు నెలలే చేతిపనివానికి తీరిక దొరికే కాలం. చేయి ఆడని కాలమూ అదే. లతలు, సర్పాకృతులు చెక్కిన ‘చోక్‌త్సే’ అనే పొట్టి బల్లలను యాత్రికులు కొనేది వేసవిలో. అవి తయారు కావలసినది శీతకాలంలో. గది వెచ్చగా లేకపోతే ఆ సంపాదన పోతుంది. పొయ్యితో వెచ్చబరచుకుంటే అందులో సగం వంటచెరకుకే పోతుంది. ఏడాది మొత్తానికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే గల ఆ ఎడారిలో వాగుల వెంట పెంచుకొన్న పోప్లార్, విల్లో చెట్లే కలపకు ఆధారం. చెక్కవలసిన కొయ్యనే పొయ్యిలో పెట్టుకొనే గతి ఏ శిల్పికీ రుచించదు. దొరికిన వెచ్చదనాన్ని జారిపోనీయకుండా పట్టి ఉంచడమెట్లా అన్నదే లడఖీ పనివాని ముందున్న అసలు సమస్య.

పూర్వపు గృహనిర్మాతలకు ఇది తెలియని విద్య కాదు. రాతి పునాదిపై ఎండబెట్టిన మట్టి ఇటుకలతో మందమైన గోడలు లేపేవారు. క్రింది అంతస్తులో పశువులను కట్టేవారు; వాటి ఒంటి వేడి పైగదుల నేలను కొంత కాచేది. దూలాలపై విల్లో కొమ్మలు పేర్చి, గడ్డి పరచి, మన్ను మెత్తేవారు. ఆ కప్పుపై చలికాలానికి దాచుకొనే పశుగ్రాసం ఇంటికి దుప్పటిగా ఉపకరించేది. రాయలసీమ మట్టిమిద్దెను ఎరిగినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. అక్కడ ఎండను బయట నిలిపే మన్నే ఇక్కడ వేడిని లోపల నిలుపుతుంది. ఇంటిల్లిపాదీ వంటగదిలోనే చేరి నూలు వడికేవారు, కథలు చెప్పుకొనేవారు. కాని చిత్రిక పొట్టు, రంపపు ధూళి, సుత్తి మోత వంటగదిలో ఎంతకాలం చెల్లుతాయి? వేరే గది కావలసి వచ్చింది.

ఆ గది ఎక్కువగా సిమెంటుతో వచ్చింది. 1962లో శ్రీనగర్ నుండి లేహ్‌కు మోటారు రోడ్డు పడింది. 1974లో యాత్రికులకు ప్రవేశం లభించింది. రోడ్డు వెంట సిమెంటు దిమ్మెల కట్టడాలు, ఇనుప షట్టర్లు గల దుకాణాలు, కారు షెడ్లు వెలిశాయి. సూర్యుని వైపు కాక రోడ్డు వైపు తిరిగిన నిర్మాణాలివి. చలికాలంలో ఇనుప షట్టరు గల షెడ్డులో కూర్చోవడానికీ ఆరుబయట కూర్చోవడానికీ తేడా గాలి తాకిడి ఒక్కటే. ఆ గాలి సైతం సందుల గుండా వస్తూనే ఉంటుంది.

అట్టి షెడ్డును పనిగదిగా మార్చదలచినవారు మొట్టమొదట ఆ సందులనే వెదకాలి. షట్టరు అంచులు, తలుపు క్రింది జానెడు ఖాళీ, దూలం గోడలో చొచ్చిన చోటు, ఇవి పూడ్చనిదే ఎంత మందపు గోడ కట్టినా ప్రయోజనం లేదు. తరువాతిది పైకప్పు, వేడిగాలి పైకెగసి పోయేది అటే గదా. కప్పు క్రింద పలకలతో మరొక కప్పు దింపి, నడిమి ఖాళీలో ఎండుగడ్డి గాని రంపపు పొట్టు గాని నింపుతారు. వెచ్చగా ఉంచేది నిజానికి గడ్డి కాదు, దాని నడుమ చిక్కుకొని కదలలేక నిలిచిపోయిన గాలి. గడ్డి తడిసిందా, ఆ గుణం పోతుంది. గదిలో ఉడికే తేనీటి ఆవిరి, మనుషుల ఊపిరి కూడా చల్లని గోడ తగిలి నీరుగా మారుతాయి కనుక లోపలి పూత పగుళ్లు లేకుండా ఉండాలి. నేలపై అడ్డకర్రలు వేసి, నడుమ చిత్రిక పొట్టు కూరి, పైన పలకలు పరుస్తారు.

గోడ విషయంలో ఒక మెలకువ ఉన్నది. సిమెంటు గోడకు లోపల బెత్తెడు ఎడంతో మట్టి ఇటుకల గోడ మరొకటి లేపి, ఆ ఎడంలో గడ్డి కూరడం మేలైన పద్ధతి. బరువైన మన్ను లోపల, తేలికైన గడ్డి దానికి వెలుపల! ఈ వరుస తారుమారైతే, పగలు పీల్చిన వేడిని మన్ను రాత్రివేళ గదికి కాక ఆకాశానికి ధారపోస్తుంది.

ఆ వేడి వచ్చేది సూర్యుని నుండి. శీతకాలంలో లేహ్ ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన క్షితిజానికి 32 డిగ్రీల ఎత్తున మాత్రమే నిలుస్తాడు. దక్షిణపు గాజు కిటికీ గుండా ఎండ గది లోతులకు పాకుతుంది. జూన్‌లో దాదాపు 79 డిగ్రీల ఎత్తుకెక్కే సూర్యుణ్ణి చిన్న చూరు అడ్డగించగలదు. 1967లో ఫ్రాన్సులోని పిరనీస్ పర్వతాలలో ఫెలిక్స్ ట్రోంబ్, జాక్ మిషెల్ నిర్మించిన ఇంటిలో దక్షిణపు గోడకు నల్లరంగు పూసి, ముందు గాజు బిగించారు. ఎండకు కాగిన గోడ ఆ వేడిని కొన్ని గంటల అనంతరం లోపలికి అందిస్తుంది. 1983లో ఏర్పడిన లడఖ్ పర్యావరణాభివృద్ధి సంఘం ఈ గోడను లడఖీలకు పరిచయం చేసింది. 1988లో పుట్టిన సెక్మోల్ సంస్థ ఫే గ్రామం వద్ద తన విద్యాలయాన్నే మట్టితో, సూర్యుని వెచ్చదనంపై ఆధారపడేటట్లు కట్టుకొన్నది. షట్టరు దక్షిణానికి ఉన్నవాడు అదృష్టవంతుడు. దానికి బదులు గాజు అమరిస్తే సగం పని తీరినట్లే.

సందులు పూడ్చిన గదిలో ఒక ప్రాణాపాయం పొంచి ఉంటుందన్న సంగతి మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బొగ్గుల కుంపటి గాని, పొగగొట్టం సరిగాలేని బుఖారీ గాని అట్టి గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాయువును నింపుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత, అంతే. హిమాలయ ప్రాంతాలలో ఈ విధంగా నిద్రలోనే ప్రాణాలు విడిచినవారు ఎందరో. పొగగొట్టం వెలుపలికి పోవాలి, గాలికి ఒక దారి విడవాలి, కుంపటి పెట్టి నిద్రించరాదు. గొట్టం కప్పును దాటే చోట పొట్టుగాని గడ్డిగాని ఉండకూడదు. అక్కడ మన్నే శరణ్యం.

జన్స్కార్ నదీతీరాన ఉన్న చిల్లింగ్ గ్రామపు లోహకారులకు ఈ బాధలో కొంత మినహాయింపు. కొలిమి వారి వృత్తిలోనే ఉన్నది. షే ప్రాసాదంలోని బంగారు పూత బుద్ధవిగ్రహం కొరకు 17వ శతాబ్దంలో నేపాల్ నుండి రప్పించిన శిల్పుల సంతతి తామని వారు చెప్పుకొంటారు. వారి రాగి, ఇత్తడి పాత్రలు లడఖీ వంటిళ్ల గర్వకారణం.

కొయ్యపని వానికి కొలిమి లేదు, గాజు ఉన్నది. అయితే పగలు సూర్యుణ్ణి లోపలికి రప్పించిన ఆ గాజే సూర్యుడు కొండ చాటుకు జారిన మరుక్షణం నుండి వేడిని బయటకు పంపసాగుతుంది. అందుచేత ఎండ నేల విడువగానే పనివాడు ఉలి ప్రక్కన పెట్టి లేస్తాడు. గాజుకు అడ్డంగా మందపు దుప్పటి దించి, అంచులు గోడకు నొక్కి, దీపం వెలిగించుకొని బల్ల ముందు తిరిగి కూర్చుంటాడు.