మన గుర్రం ఏది?

సంక్రాంతి వెళ్లిందంటే చాలామంది ఇళ్లల్లో పండగ అయిపోయినట్టే. గాజువాకలో మా ఇంట్లో మాత్రం అప్పుడే సందడి మొదలవుతుంది. అనకాపల్లి దాటి చోడవరం వైపు, మా పుట్టింటి చుట్టుపక్కల ఊళ్లలో వరసగా తీర్థాలు జరుగుతాయి. చాలాచోట్ల ఎడ్ల పరుగు, గుర్రాల పరుగు పెడతారు. మావారికి స్టీల్‌ప్లాంట్‌లో ఆఫ్ ఎప్పుడు పడిందో చూసుకుని, ఆ రోజు ఏ ఊళ్లో తీర్థమో అమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటాను.

పాపకి 9 ఏళ్లు, బాబుకి 6. వాళ్లకి తెలిసిన గుర్రమల్లా ఆర్కే బీచ్‌లో డబ్బులిచ్చి ఎక్కితే మెల్లగా నాలుగడుగులు నడిచే గుర్రం. మొదటిసారి తీర్థంలో, కోతలైపోయిన పొలంలో దుమ్ము రేపుకుంటూ గుర్రాలు దూసుకొస్తుంటే బాబు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదల్లేదు. గుర్రాలు దగ్గరికి రాకముందే కాళ్ల కింద నేల అదురుతుంది. అది టీవీలో తెలియదు కదండీ.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక మాట. తాడు పక్కనే ముందు వరసలో నిలబడకండి. బెదిరిన గుర్రం తాడుని లెక్కచెయ్యదు. కాస్త ఎత్తుగా గట్టు మీద చోటు చూసుకోండి. పిల్లల్ని గుర్రం వెనక్కి వెళ్లనివ్వద్దు. టోపీలు, నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. జీళ్లు, చెరుకురసం అక్కడే దొరుకుతాయి.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. నాకు భయమల్లా పిల్లలు అడిగే ఒక్క ప్రశ్నకే. "అమ్మా, మన గుర్రం ఏది?"

నా చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని అదే అడిగేవారు. నేను తెల్లదాన్ని చూపించేదాన్ని. ఆయన గుంపులోకి వెళ్లి పందెం కట్టి వచ్చేవారు. గెలిస్తే ఇంటికి జీళ్ల పొట్లం. ఓడితే దారి పొడుగునా మాట ఉండేది కాదు. ఒక ఏడాది అమ్మ మెడలో నానుతాడు కనబడలేదు. తప్పు గుర్రాన్ని చూపించింది నేనే కదా అని ఎన్నేళ్లు కుమిలిపోయానో!

మావారు హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో మలక్‌పేట రేస్‌కోర్సు చూసినవారు. "1996లో సుప్రీంకోర్టే గుర్రపు పందెం నైపుణ్యం మీద నడిచే ఆటని చెప్పింది కదే" అంటారు. చెప్పింది, కాదనను. గుర్రం పుట్టుక, శిక్షణ, జాకీ పనితనం చూసి అంచనా వేసేవాళ్ల సంగతి అది. తీర్థంలో పక్కవాడి పౌరుషానికి జేబులో ఉన్నదంతా తీసి ఇచ్చేయడంలో నైపుణ్యం ఏముందండీ?

పోయిన ఏడాది నేను భయపడ్డదే జరిగింది. చెరుకురసానికని తాతయ్య ఇచ్చిన 10 రూపాయలు, మా అన్నయ్య కొడుకుతో పందెం వేసి మావాడు పోగొట్టుకున్నాడు. మొహం ఇంత చేసుకుని వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయి చెయ్యెత్తాను.

"కొట్టకమ్మా" అన్నారు నాన్న గట్టు మీద నుంచి. వాణ్ని ఒళ్లోకి లాక్కుని, "నీది 10 రూపాయలేరా. మీ అమ్మమ్మ నానుతాడు పోగొట్టాన్నేను" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

నేనూ ఆపుకోలేకపోయాను. "ఆ గుర్రాన్ని చూపించింది నేనే కదా నాన్నా" అన్నాను.

ఆయన నా వంక అదోలా చూశారు. "నువ్వు చూపించిన దానిమీద నేనెప్పుడూ కట్టలేదే పిచ్చిదానా. నాకు తోచినదాని మీదే కట్టేవాణ్ని" అన్నారు.

ముప్ఫై ఏళ్ల బరువు ఆ గట్టు మీదే దిగిపోయింది.

అప్పటి నుంచి మాకో పద్ధతి ఏర్పడింది. పిల్లలిద్దరూ తలో గుర్రాన్ని ఎంచుకుంటారు. గొంతు పోయేలా అరుస్తారు. పరుగయ్యాక తాతయ్య వాళ్లని తీసుకెళ్లి, యజమానిని అడిగి, ఆ గుర్రాలు నీళ్లు తాగుతుంటే దూరం నుంచి చూపిస్తారు. గెలిచినా ఓడినా జీళ్లు మాత్రం అందరికీ.

ఈ ఏడు మొదటి తీర్థానికి అమ్మ కూడా వస్తానంది. ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ రాలేదు.