కార్డులో వయసు, ఆకాశంలో వయసు

ఆ రాత్రి దోర్నపాల్‌లో కరెంటు పోయింది. 2006లో సల్వా జుడుం గొడవల్లో ఊరొదిలి శిబిరానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన ఓ దోర్ల వృద్ధుడి ముంగిట మంచం మీద కూర్చున్నాను. జుట్టు ఇంకా నలుపే. కార్డు రాసినతను ముఖం చూసి వయసు వేశాడట. పుట్టినరోజు చాలామందికి మల్లే జనవరి 1. దాని ప్రకారం ఇప్పుడాయనకు 54. పింఛనుకు వయసు చాలదన్నారు. చుట్టూ మాత్రం ముగ్గురు మునిమనవళ్లు ఆడుతున్నారు!

రాజనీతి శాస్త్రం చదివిన నాకు నక్షత్రాల గోలెందుకంటే, అక్కడ తలెత్తితే ఇంకేమీ కనిపించదు గనుక. ముఖం చూసి వయసు కట్టే పొరపాటు ఖగోళ శాస్త్రంలోనూ ఉంది. హెర్క్యులిస్ మండలంలోని హెచ్‌డీ 161796 వర్ణపటంలో మహాతారలా కనిపిస్తుంది. మహాతారలు భారీవి, అల్పాయుష్కులు. పాలపుంత తలంలో, పుట్టినచోటికి దగ్గర్లోనే ఉంటాయి. ఇదేమో ఆ తలానికి చాలా ఎడంగా ఉంది. అనుమానం అక్కడే.

1983లో ఐరాస్ ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశాన్ని జల్లెడ పట్టింది. ఆ వివరాలతో 1986లో బెంగుళూరు భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎం.పార్థసారథి, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పనిచేసిన ఎస్.ఆర్.పొటాష్ అసలు సంగతి బయటపెట్టారు. ఆ తార చుట్టూ చల్లటి ధూళి ఉంది. అది తార తనలోంచి విదిల్చుకున్నదే. అంటే అది పడుచు మహాతార కాదు, సూర్యుడి కోవకు చెందిన ముసలి నక్షత్రం. లోపలి గర్భం వేడెక్కితే చుట్టూ ఉన్న వాయువు వెలిగి గ్రహ నెబ్యులా అవుతుంది. (పేరే గానీ గ్రహాలతో సంబంధం లేదు. పాత టెలిస్కోపుల్లో గుండ్రంగా కనిపించిందంతే.)

మామూలుగా దీనికి వేల ఏళ్లు పడుతుంది. కానీ దక్షిణాకాశంలోని స్టింగ్‌రే 1950లో మామూలు వేడి తార. 1990 నాటికి నెబ్యులా. పార్థసారథి బృందమే 1993లో ఈ సంగతి ప్రకటించింది. ఒక్క మనిషి జీవితకాలంలో!

"ఆ చుక్కేది బాబూ?" అన్నాడాయన. ఉత్తరం వైపు చూపించాను. హెచ్‌డీ 161796 ఉత్త కంటికి ఆనదు. దుర్భిణి కావాలి. ఇన్ని తనిఖీలున్న దారిలో విలేకరి సంచిలో దుర్భిణి కనిపిస్తే ఎవరికి సమాధానం చెప్పాలని తేలేదు.

"దాని పేరు?"

"పేరు లేదు తాతా, నంబరే."

"అయితే దానికీ కార్డిచ్చారన్నమాట."

మర్నాడు పొద్దున్నే పింఛను దరఖాస్తు రాసిపెట్టమన్నాడు. కార్డు నంబరు రాశాను. మునిమనవళ్ల పేర్లకు గడి లేదు. పక్కనున్న ఖాళీలో రాశాను.