పట్టు – విడుపు

కఠోపనిషత్తు తృతీయవల్లిలో యమధర్మరాజు నచికేతునికి రథకల్పనను ఉపదేశించాడు. శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు. పగ్గాన్ని పట్టడం ఎంత విద్యో, విడవడం కూడా అంతే విద్య. ఈ సూక్ష్మం చిత్తూరులో ఇద్దరు సోదరులకు ఒక పాత కారు మూలంగా బోధపడింది.

ఆ కారు వారి తండ్రిగారి స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ దేశస్థుడైన మికెలొట్టి దానికి రూపకల్పన చేశాడు. 1961 నుండి మద్రాసులో తయారైంది. ఈ చట్రాన్నే కుదించి ఆంగ్లేయులు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును వెలువరించారు.

తండ్రిగారి అనంతరం ఇంటి పంపకంలో భేదం పుట్టింది. "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని తమ్ముడు అడిగాడు. అన్న వెళ్ళలేదు, తమ్ముడు మరల అడగలేదు. ఆరేళ్ళు మాటలు లేవు. అయినా పండుగనాడు పిల్లల చేత ప్రసాదం అటూ ఇటూ వెళ్ళేది. బంధం తెగనూ లేదు, నిలవనూ లేదు.

ఒకనాడు మొగిలి ఘాట్‌లో ఇంజను గర్జిస్తున్నా కారు ఎక్కలేదు. మాడిన వాసన వచ్చింది. క్లచ్ అరిగిపోయింది.

ఇంజనుతో తిరిగే ఫ్లైవీల్‌కూ, ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలితే మూడూ ఏకమై తిరుగుతాయి. పూర్తిగా తొక్కితే విడిపోతాయి. ప్లేటు అరిగేది ఈ రెండింటి నడుమనే. పెడల్ మీద పాదం ఆనించి నడిపేవాడు తెలియకుండానే దానిని దహిస్తూ ఉంటాడు. వైరాగ్యమూ ఇటువంటిదే. పూర్ణమైన ప్రేమ మనిషిని అరగదీయదు, పూర్ణమైన త్యాగమూ అరగదీయదు, అర్ధసంగమే అరగదీస్తుంది.

అన్న ఇంటివద్దనే పనికి పూనుకున్నాడు. బ్యాటరీ తీగ విప్పాడు, సీట్లు తీశాడు, గేర్‌బాక్స్ మీది మూత ఎత్తాడు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు ఊడదీశాడు. హెరాల్డ్‌లో గేర్‌బాక్స్ కారు లోపలి నుండే బయటకు రావాలి. అది ఒంటరివాని పని కాదు. చాలాసేపు కూర్చుండి, చివరకు తమ్ముని వాకిట నిలిచాడు.

"ఒక చెయ్యి వెయ్యరా."

తమ్ముడు క్షణమాగి, "పదన్నా" అన్నాడు.

పాత పలకలలో ఆస్బెస్టాస్ ఉంటుంది గనుక ధూళిని ఊదక తడిగుడ్డతో తుడిచారు. కొత్త ప్లేటును కొయ్యకడ్డీతో నడిమికి సరిచేసి, ప్రెషర్ ప్లేటు బిగించారు. కానీ గేర్‌బాక్స్ షాఫ్టు లోనికి దిగలేదు. బలం ప్రయోగిస్తే ప్లేటు వంగుతుంది. బరువును దానిపై వేలాడనీయరాదు. ఇద్దరూ ఆ బరువును సమంగా మోస్తూ నిలబడ్డారు. చేతులు విడవడానికి వీలులేని ఆ స్థితిలో అన్న అన్నాడు:

"తూర్పుగోడ మూడడుగులు నీవైపు జరిపింది నేనే. అందుకే కాణిపాకం రాలేదు."

తమ్ముడు తలెత్తలేదు. "అది నాకు తెలుసన్నా. నీ నోట వినాలనే అడిగినా. ముందు దీన్ని సూటిగా పట్టు."

షాఫ్టు మెల్లగా తిప్పగా పళ్ళు కలిశాయి. గేర్‌బాక్స్ లోనికి జారి కూర్చుంది. హైడ్రాలిక్ గొట్టంలోని గాలి తీయడానికి ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు నిపిల్ విప్పాలి. "తొక్కు", "వదులు" అనే రెండు మాటలే సంధ్యవేళ దాకా వారి మధ్య నడిచాయి.

కాణిపాక స్థలపురాణంలో లిఖితుడు అనుమతి లేక మామిడిపండు కోశాడు. అన్న శంఖుడు అతనిని రాజదండనకు పంపాడు. ఖండితమైన బాహువులు నదీస్నానంతో మరల లభించాయి గనుక ఆ నది బాహుదా అయింది. ఇక్కడ తప్పు అన్నది, చేతులు తమ్మునివి.

ఆ మాసంలోనే గోడ వెనుకకు జరిగింది. తరువాత ఇద్దరూ ఆ కారులోనే కాణిపాకం వెళ్ళారు, ప్రమాణానికి కాదు, దర్శనానికి. సాధకులు తమ పాదం ఏ బంధంపై సగం ఆనించి ఉన్నదో ఒక్కసారి పరిశీలించుకొందురు గాక.

శుభం భూయాత్.