57 మిల్లీమీటర్లు

మా ఇంట్లో కంటి పరీక్ష అనే మాట గొంతు తగ్గించి అనేవాళ్ళం. నాన్న రైల్వేలో లోకో పైలట్. రన్నింగ్ స్టాఫ్‌కి కొన్నేళ్ళకోసారి జరిగే మెడికల్ దగ్గర పడుతోందంటే అమ్మ వరసగా మునగాకు, క్యారెట్ వండేది. సాయంత్రాలు నాన్న కంచరపాలెం ఇంటి వరండాలో నిలబడి, ఎదురింటి గోడ మీద సిమెంటు కంపెనీ రాయించిన ఫోను నంబరుని ఒక్కో కన్నూ మూసుకుని చదివేవాడు. పక్కన నిలబడి తప్పులు పట్టడం నా పని. నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు ఎనిమిదిని మూడు అన్నాడు. నేను నవ్వేను. అమ్మ నవ్వలేదు.

ఆ ఏడు మెడికల్‌లో డీకేటగరైజ్ అయ్యేడు. ఇంజను దిగి ఆఫీసు కుర్చీలోకి వెళ్ళేడు. రూలు తప్పని ఎవరం అనలేదు, నాన్న కూడా. వేల టన్నుల ఇనప ఖనిజం వెనకేసుకుని కిరండూల్ లైన్లో ఘాట్ దిగే మనిషికి సిగ్నల్ మసగ్గా కనిపిస్తే కుదరదు కదా. కానీ మైలేజీ పోయింది, రాత్రి డ్యూటీలకి కట్టే టిఫిన్ క్యారేజీ అటక ఎక్కింది. కన్ను కొలిస్తే ఏదో ఒకటి పోతుందని నాకు మాత్రం లోపల ఉండిపోయింది.

ఇప్పుడు ఋషికొండలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. క్రేను నడపడం నేర్చుకునేవాళ్ళకి వీఆర్ పాఠాలు తయారుచేస్తాం. హెడ్‌సెట్ పెట్టుకుంటే ముప్ఫై మీటర్ల ఎత్తున క్యాబిన్‌లో కూర్చున్నట్టు ఉంటుంది. కింద ఓడ, కంటైనర్లు, హుక్కు. పాఠంలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. చిన్నప్పటి పనే అనుకోండి.

చేరిన వారంలోనే తెలిసింది, ఇరవై నిమిషాలు దాటితే నావల్ల కాదని. ముందు కనుబొమల మధ్య నొప్పి. తర్వాత అరకు ఘాట్‌లో బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు కడుపులో తిప్పడం. హుక్కు రెండుగా విడిపోయి, మళ్ళీ అతుక్కునేది. బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పనికి పనికిరావంటారని భయం. ఒకరోజు టీమ్ లీడ్ గమనించి, "ఆడవాళ్ళకి మోషన్ సిక్‌నెస్ ఎక్కువేలే" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ ఆ మాటకి ముందు ఇంకెన్ని మాటలుంటాయో, వెనక ఇంకేం వస్తుందో మనకి తెలుసు కదా.

సెట్టింగుల్లో ఐపీడీ అనే గడి ఒకటి ఉండేది. అందులో 63 అని ఉంది. అదేంటని చూస్తే, రెండు కంటిపాపల మధ్య దూరమట, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్ళలో సగటు 63 దగ్గర ఉంటుంది. దాదాపు అందరూ 50కీ 75కీ మధ్యలో వస్తారు. ఈ సగటుల కోసం ఇప్పటికీ తిరగేసే లెక్కల్లో ఒకటి 1988లో అమెరికా సైన్యం తన మనుషుల్ని కొలిచి రాసుకున్నది. అందులో మగవాళ్ళ సగటు 64.7, ఆడవాళ్ళది 62.3.

నా నంబరెంతో నాకు తెలీదు. పవర్ కాగితం మీద చాలామంది రాసివ్వరు కూడా. అది అద్దాలు బిగించేవాళ్ళ లెక్క.

కంచరపాలెం మెట్టు దగ్గర పాత కళ్ళజోళ్ళ షాపుంది. 2018లో వచ్చిన సినిమా పుణ్యమా అని మా పేట పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆ సినిమాలో ఈ షాపు ఉందేమో అని మాత్రం వెతక్కండి. నాన్న కూడా వస్తానన్నాడు, "మందుల షాపులో పనుంది" అని. లోపలికి రాలేదు. బయట స్కూటీ దగ్గరే నిలబడ్డాడు.

షాపాయన నాకెదురుగా స్టూలు మీద కూర్చుని, ముక్కుదూలం మీద ఒక చిన్న స్కేలు ఆనించేడు. "నా ఎడమ కన్ను చూడమ్మా" అని తన కుడి కన్ను మూసుకున్నాడు. నా కుడి కంటిపాప మధ్యకి సున్నా సరిపెట్టేడు. స్కేలు కదపకుండా, "ఇప్పుడు ఈ కన్ను చూడు" అని రెండోది తెరిచేడు. "యాభై ఏడు." అనుమానం లేకుండా ఇంకోసారి కొలిచేడు. యాభై ఏడే. దూరం చూసేటప్పటి కొలతే కావాలని, పుస్తకం చదివేటప్పుడు కళ్ళు లోపలికి తిరుగుతాయి కాబట్టి మూడు మిల్లీమీటర్ల దాకా తగ్గుతుందని ఆయనే చెప్పేడు. రెండు నిమిషాల పని. డబ్బులు తీసుకోలేదు.

మా ఆఫీసు హెడ్‌సెట్ పాత మోడల్. లెన్సులు కదలవు. అంటే ఇన్నాళ్ళూ ఆరు మిల్లీమీటర్లు, ఒక కందిగింజంత, తేడాతో చూస్తున్నాను. లెన్సు నడిమధ్య నించి కాక పక్క నించి. అంచులు మసకబారతాయి, రెండు బొమ్మల్ని ఒకటి చెయ్యడానికి కంటి కండరాలు పెనుగులాడతాయి. అన్ని హెడ్‌సెట్లూ ఇలాగే ఉండవు. 2020లో వచ్చిన క్వెస్ట్ 2కి 58, 63, 68 అని మూడు మెట్లుండేవి. 2023 నాటి క్వెస్ట్ 3కి తిప్పుకునే చక్రం పెట్టేరు.

ఇంకొకటి దొరికింది. 2020లో కే స్టానీ అనే పరిశోధకురాలు, ఆమె బృందం ఒక పేపర్ అచ్చువేశారు. హెడ్‌సెట్ లెన్సులు తమ కళ్ళ దూరానికి సరిపోని ఆడవాళ్ళకే తిప్పడం ఎక్కువగా ఉందట. సరిపోయినవాళ్ళలో ఆడా మగా తేడా దాదాపు కనపడలేదట. దాన్ని ప్రింట్ తీసి లీడ్ టేబుల్ మీద పెట్టేను. ఏమీ అనలేదు. చదివి, మర్నాడు "నాదెంతుంటుంది?" అని అడిగేడు.

కొలత ఒక్కటీ అన్నీ తీర్చదు. హుక్కు ముప్ఫై మీటర్ల కింద ఉన్నట్టు కనపడుతుంది, కళ్ళు అంత దూరానికే తిరుగుతాయి. వెలుగు మాత్రం లెన్సుల వల్ల ఎప్పుడూ ఒకే దూరం నించి వచ్చినట్టు ఉంటుంది, చాలా హెడ్‌సెట్లలో ఒకటి రెండు మీటర్లు. కంట్లోని కటకం అక్కడ ఆగిపోతుంది. ఈ పేచీ ఎవరికైనా తప్పదు. అందుకే మధ్యమధ్య తీసి కిటికీలోంచి సముద్రం కేసి చూడమనేది. తెర కళ్ళ ముందే ఉంది కదా, దూరపు చూపు సైటున్నవాళ్ళకి అద్దాలక్కర్లేదనేది అపోహ. కావాలి. లేదా పవర్ లెన్సులు చేయించి హెడ్‌సెట్‌లోనే బిగించుకోవచ్చు. ఆ హెడ్‌సెట్‌ని కిటికీలో వదిలేస్తే మన విశాఖ ఎండ లెన్సుల్లోంచి లోపలి తెరని కాల్చేస్తుంది. ఇవన్నీ కంపెనీలో ఎవరికీ తెలీక కాదు. ఎవరూ పైకి అడగలేదంతే.

ఆ రోజు షాపులోంచి లేస్తుంటే ఆయన బయటకి చూసి, "లోపలికి రండి సార్, మీదీ చూస్తాను" అన్నాడు. నాన్న వద్దంటాడనుకున్నాను. వచ్చి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మెడ నిటారుగా, మెడికల్‌కి వెళ్ళినవాడిలాగే. అరవై ఆరు. "పాసేనా?" అన్నాడు నాన్న. "ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు సార్. ఎవరి దూరం వాళ్ళది." అని, టార్చి వేసి ఎడమ కంట్లోకి కాసేపు చూసేడు. "డాక్టరుకి చూపించుకోండి. ఆలస్యం చెయ్యకండి."

రిటైరయ్యి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో నాన్న కంటి డాక్టరు గడప తొక్కలేదు. ఫుట్‌పాత్ మీద కొన్న రెడీమేడ్ అద్దాలతో పేపరు చదువుతున్నాడు. రాత్రి స్కూటీ తియ్యడం మానేసింది ఓపిక లేకే అనుకున్నాం.

హనుమంతవాకలో 2006 నించీ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఇంటి నించి ఒక్క బస్సు. ఇద్దరం వెళ్ళేం. కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెట్టేరు. నాకు ఎడమ కంట్లో కొంచెం సిలిండర్ పవర్ తేలింది. నాన్నకి రెండు కళ్ళలోనూ శుక్లం, ఎడమవైపు ముదిరింది. ఆపరేషన్ చేస్తే తేటగా కనిపిస్తుందన్నారు.

చుక్కల మందుకి ఎండ చూడలేక, బస్‌స్టాప్‌లో ఇద్దరం కళ్ళు చికిలించుకుని నిలబడ్డాం. బస్సు వస్తోంది, బోర్డు నాకు అలుక్కుపోయినట్టు ఉంది. "నంబరెంత నాన్నా?" అన్నాను.

"నాకూ కనపట్టం లేదమ్మా" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదలు. పక్కనున్న కాలేజీ కుర్రాణ్ణి అడిగి ఎక్కేం.