ధనుర్మాసం రోడ్డు, కొత్త టైర్లు

చలికాలం వస్తోంది, కారు టైర్లు మార్చాలి అంటే మన కోనసీమలో ఎవరైనా నవ్వుతారు. మనకి చలికాలమంటే ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడం, వేడినీళ్ళ కాగు కింద రెండు కొబ్బరి మట్టలు ఎక్కువ పెట్టడం. అంతే కదండీ! అయినా ఈసారి మార్గశిరం రాకముందే మా కారుకి టైర్లు మార్చాలని నేను పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో, ఏం చూసుకుని కొన్నామో రాస్తాను. టైర్లు మగవాళ్ళ వ్యవహారం కదా అని వదిలేయకండి. చదివాక మీరే అంటారు, ఇది మన వ్యవహారమేనని.

మా అత్తయ్యగారికి ఏడాదిగా డయాలిసిస్ జరుగుతోంది. వారానికి రెండుసార్లు కాకినాడ వెళ్ళాలి. ఆవిడకి అలవాటైన డాక్టరుగారు అక్కడే ఉన్నారు, ఆయన చెయ్యి పడితేనే ఆవిడకి ధైర్యం. పొద్దుటి షిఫ్టు దొరకాలంటే మేం నాలుగున్నరకల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. మావారు బడి పంతులు. ఒక రోజు ఆయన సెలవు పెట్టుకుంటారు, రెండో రోజు నేనే నడుపుతాను. మా ఊరు అమలాపురానికి కొత్తపేట వైపు ఉంటుంది. కాలువ గట్టు రోడ్డు మీద అమలాపురం చేరి, ముమ్మిడివరం, మురమళ్ళ, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ. రానూపోనూ 130 కిలోమీటర్ల పైమాటే.

కారు ఎలక్ట్రిక్‌ది. కొని మూడేళ్ళయింది, 40 వేల కిలోమీటర్లు దాటింది. చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు, అత్తయ్యగారు వెనక సీట్లో హాయిగా కునుకు తీస్తారు. కానీ ముందు టైర్లు బాగా అరిగిపోయాయి. ఎలక్ట్రిక్ కార్లలో ఇది మామూలేనట. బాటరీ వల్ల బండి బరువెక్కువ. పైగా కాలు నొక్కీ నొక్కగానే మోటారు తన బలమంతా ఒక్కసారి చక్రానికి ఇచ్చేస్తుంది. మా కారుకి ఆ బలం ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి, ముందువి వెనకవాటికంటే తొందరగా అరుగుతాయి.

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు మాంట్రియల్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మేం చలికాలం టైర్లు వేయించేశాం" అంది. వాళ్ళుండే క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ప్రతి కారుకీ చలికాలం టైర్లు ఉండాలని చట్టమే ఉంది. ఎండాకాలం నాలుగు, చలికాలం నాలుగు. మనం స్వెట్టర్లు బీరువాలో దాచినట్టు, వాళ్ళు టైర్లు దాచుకుంటారు. దాని వెనకున్న సంగతి కూడా అదే చెప్పింది. చలికి గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు, సుమారు 7 డిగ్రీల కిందకి వెళ్తే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి రోడ్డుని పట్టుకోదు. అందుకని ఆ టైర్లు మెత్తటి రబ్బరుతో చేస్తారు, మంచుని కరిచి పట్టేలా వాటి మీద సన్నటి కోతలు బోలెడు పెడతారు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు, ఇదీ వాటి మీద ఉండే గుర్తు.

"మరి నాకూ అలాంటివి కావాలా?" అని అడిగితే పకపకా నవ్వింది. మనకి పుష్యమాసంలో తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. ఆ మెత్తటి టైర్లు మన రోహిణి కార్తె ఎండలో, పిల్లలు పెన్సిలు గీత చెరిపే రబ్బరులా అరిగిపోతాయి. కాబట్టి అవి మనకి కావు. కానీ ఫోన్ పెట్టేశాక నాకొకటి తోచింది. వాళ్ళు తమ చలికాలం ఎలాంటిదో చూసుకుని టైరు కొంటున్నారు. మరి మన చలికాలం ఎలాంటిది?

మన చలికాలం తడిగా ఉంటుందండీ. తుఫాన్లు వచ్చేవి ఈ రోజుల్లోనే. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో ఎవరు మర్చిపోతారు? మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చింది. వానలు వెనకబట్టాక వరి కోతలు. చేలోంచి రోడ్డెక్కే ట్రాక్టర్లు చక్రాల నిండా రేగడి మట్టి తెచ్చి తారు మీద పూస్తాయి. గడ్డి పరకలు, ఆరబోసిన ధాన్యం, కొబ్బరి డొక్కల లారీల్లోంచి రాలిన పీచు, అన్నీ రోడ్డు మీదే. వాటి మీద తెల్లవారుజామున మంచు పడుతుంది. అప్పుడా రోడ్డు సబ్బు రాసిన గచ్చులా ఉంటుంది. పక్కనే కాలువ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా అంతా కాలువలు సాగాయి, ఆ గట్లే చాలాచోట్ల మనకి రోడ్లయ్యాయి. నీళ్ళిచ్చిన కాలువని తప్పు పట్టలేం. మలుపులో జారితే మాత్రం మనకీ కాలువకీ మధ్య ఉండేది రెండు తుమ్మచెట్లే.

ఇంకొకటి కూడా ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది అదే. ధనుర్మాసంలో తెల్లవారుజామున రోడ్డు మీద ఎవరుంటారు? మనమే. మన ఊళ్ళలో ఇళ్ళన్నీ రోడ్డుకి ఆనుకునే ఉంటాయి, వాకిలి అంటే రోడ్డే. కళ్ళాపి చల్లి, వంగి చుక్కలు పెట్టుకుంటూ ఉంటాం. వంగున్న మనిషి పొగమంచులో కనబడదు. పైగా మా కారుకి చప్పుడు లేదు. డీజిలు బండి అయితే నాలుగిళ్ళ అవతల నుంచే తెలిసిపోతుంది, చీపురు పట్టుకుని పక్కకి జరుగుతారు. ఇది పిల్లిలా వచ్చేస్తుంది. అందుకని నా వరకు టైరు అంటే, వెళ్ళడానికి కాదు, ఆగడానికి.

టైర్ల కొట్టులో మాత్రం మాటంతా మైలేజీ గురించే. "ఈ రకం వేసుకోండి మేడమ్‌గారండీ, తేలిగ్గా దొర్లుద్ది, చార్జింగు ఎక్కువ దూరం వస్తది" అంటాడు కొట్టతను. మావారూ అటే మొగ్గారు. అందులో నిజం లేకపోలేదు. టైరు దొర్లేటప్పుడు కొంత శక్తి తినేస్తుంది. తక్కువ తినే టైరు వేస్తే బాటరీ ఎక్కువ దూరం లాగుతుంది. మన ఫ్రిజ్‌ల మీద ఉండే స్టార్ల లాంటివి ఇప్పుడు టైర్లకీ ఇస్తున్నారు. ఆ స్టార్లు ముఖ్యంగా చెప్పేది ఇదే, ఎంత సులువుగా దొర్లుతుందో.

అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని వింటున్న అత్తయ్యగారు నెమ్మదిగా అడిగారు. "వానలో జారదు కదా బాబూ?"

ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత లోపలికెళ్ళి ఇంకో రకం టైరు దొర్లించుకుంటూ తెచ్చాడు. "జారకూడదంటే ఇదండీ మామ్మగారూ. కానీ మైలేజీ కాస్త తగ్గుద్ది మరి." దాని మీద నీళ్ళు బయటికి పోయే గాళ్ళు లోతుగా, వెడల్పుగా ఉన్నాయి. తడి రోడ్డు మీద టైరు కిందికి వచ్చిన నీళ్ళు ఆ గాళ్ళలోంచి పక్కకి పోవాలి. పోకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది, అప్పుడు బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా బండి మన మాట వినదు. రబ్బరులో ఏం కలిపారన్నది కూడా ముఖ్యమేనట. 1992లో మిషెలిన్ కంపెనీ రబ్బరులో సిలికా కలిపి, తేలిగ్గా దొర్లుతూ తడిలోనూ పట్టు తప్పని టైరు తెచ్చింది. అప్పటినుంచి ఈ రెండు గుణాలకీ మధ్య పేచీ తగ్గిందిగానీ, పూర్తిగా పోలేదు. మన అపోలో, సియట్ లాంటి కంపెనీలు కూడా ఎలక్ట్రిక్ కార్ల కోసమే వేరే టైర్లు చేస్తున్నాయి. అవైనా సరే, తడిలో పట్టు ఎంత అని విడిగా అడగాల్సిందే.

మావారికి నేను చెప్పిన లెక్క ఇది. మా కారు ఒక్క చార్జింగుకి దగ్గర దగ్గర 230 కిలోమీటర్లు వస్తుంది. మేం వెళ్ళొచ్చేది 130. పట్టున్న టైరు వేస్తే 15 కిలోమీటర్లు తగ్గుతుందనే అనుకుందాం. 215 మిగులుతుంది. ఇంటికొచ్చేసరికి ఇంకా 85 కిలోమీటర్ల చార్జింగు ఉంటుంది. మనం ఎప్పుడూ వెళ్ళని దూరం కోసం, రోజూ వెళ్ళే రోడ్డు మీద పట్టు వదులుకోవడం ఎందుకు? లెక్కల మాస్టారు కదా, రెండు నిమిషాలు ఆలోచించి "సరేనోయ్" అన్నారు.

ఇక కొనేటప్పుడు చూసినవి చెప్తాను. మనం నూనె పేకెట్టు మీద తేదీ చూడకుండా కొంటామా? టైరు మీదా ఉంటుంది. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు. 2825 అని ఉంటే 2025లో 28వ వారం తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది, అందుకని బాగా పాతవి వద్దన్నాను. రెండోది సైజు. మా పాత టైరు మీద 215/60 ఆర్ 16, పక్కనే 95 హెచ్ అని ఉంది. ఆ 95 అంటే ఒక్కో టైరు 690 కిలోల దాకా మొయ్యగలదని. ఎలక్ట్రిక్ కారు బరువు కాబట్టి ఈ అంకె తగ్గకూడదు. సైజు అదే కదా అని తక్కువ అంకెది ఇస్తే తీసుకోకండి. ధర ఒక్కొక్కటి 8 వేల నుంచి 11 వేల దాకా చెప్పారు. ముందువి రెండే మారిస్తే చాలన్నారు మావారు. తడిలో వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, అది ఇంకా ప్రమాదం. అందుకని నాలుగూ మార్పించాం. సంక్రాంతికి అనుకున్న పట్టుచీర డబ్బులు అందులోకి వెళ్ళాయి. చీర ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు చూసుకుందాం.

వేయించుకున్నాక చేసేవి కూడా ఉన్నాయి. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. చలికి టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, నడిచాక వేడికి పెరిగి సరిపోయినట్టు కనిపిస్తుంది. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది. ఇంకో సంగతి. ఎలక్ట్రిక్ కారులో కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసి, ఆ ఊపుని కరెంటుగా బాటరీలోకి పంపుతుంది. మంచి సదుపాయమే గానీ, బురద మీద అది గట్టిగా పట్టేస్తే ముందు చక్రాలు జారొచ్చు. అందుకని తడి రోజుల్లో నేను దాన్ని తక్కువలో పెట్టుకుంటాను. ఊళ్ళో 30 దాటను.

ధనుర్మాసం మొదలైన రెండో వారంలో ఒకావిడ రోడ్డు వార ముగ్గు పూర్తిచేసి, ఎలా వచ్చిందో చూసుకుందామని నాలుగడుగులు వెనక్కి వేసింది. మనందరం చేసే పనే కదండీ. ఆ నాలుగో అడుగు సరిగ్గా మా కారు ముందు. బ్రేకు నొక్కాను. తడి మీద జర్రున జారకుండా, బండి ఎక్కడిదక్కడ ఆగింది. ఆవిడకీ నాకూ మధ్య ఇంకా ఒక మంచమంత చోటు మిగిలింది. ఆవిడ ముగ్గు గిన్నె పట్టుకునే "అమ్మమ్మ, చప్పుడే లేదండీ మీ బండికి!" అంది. వెనక సీట్లో అత్తయ్యగారు మేలుకుని, అద్దం దించి, "ముగ్గు బాగుందమ్మా" అన్నారు. ఆ తర్వాత కాకినాడ దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అప్పటినుంచి ఇళ్ళున్న చోట ఒకసారి చిన్నగా హారను కొడుతున్నాను, నిద్రపోయే వాళ్ళు తిట్టుకున్నా సరే. మీకూ ఒక మాట. రోడ్డు మీద ముగ్గు వేసేటప్పుడు అరుగు మీద లైటు వేసుకోండి. కళ్ళాపి బాల్చీ మీకు రోడ్డు వైపున పెట్టుకోండి, దూరం నుంచి బండివాళ్ళకి ముందు అదే కనబడుతుంది. ఇంట్లో కారు ఉంటే ముందు టైరు గాళ్ళలోకి ఒకసారి వంగి చూడండి. గాడి అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, అంతకంటే తగ్గితే నడపకూడదని మన రూలు. వానలో తిరిగేవాళ్ళు అక్కడిదాకా ఆగొద్దు. ఇంట్లో మగవాళ్ళు "ఇంకా ఆరు నెలలు వస్తాయిలే" అంటే, మా అత్తయ్యగారు అడిగిన ప్రశ్నే మీరూ అడగండి.